మహాదేవమ్మ తుంటి సద్దు

ఆదోనికి పోయే మొదటి బస్సు అందుకోవాలి కాబట్టి నీలకంఠప్ప చీకటితోనే లేచి, తన టీ తానే కాచుకొని, తలుపు దగ్గరికి వేసి వెళ్లేవాడు. చప్పుడు అయిందో లేదో ఆయనకు తెలిసే దారి లేదు, రెండు చెవులూ పోయి పదమూడేళ్లయింది. అయినా ఆ తలుపు రెక్కను రెండు చేతులా పట్టుకొని, నిద్రపోతున్న బిడ్డను చాప మీదికి దించినట్టు ద్వారబంధానికి ఆనించేవాడు. లోపల మంచం మీద ఆయన భార్య మహాదేవమ్మ కళ్లు తెరిచే ఉండేది. లేచి సాగనంపాలని ఉండేది గానీ పొద్దెక్కితే గానీ కాలు కదపవద్దని డాక్టరు చెప్పాడు.

ఎండ కిటికీ దాటి లోపలికి వచ్చాక ఆమె లేచేది. ఎడమ కాలు నేల మీద మోపి, కుడి కాలు ముందుకు వేసిందంటే తుంటిలోంచి 'కిర్ర్' మని సద్దు వచ్చేది. ఎండిన పుల్ల విరిగినట్టూ కాదు, తలుపు బందు అరిచినట్టూ కాదు. కొత్త చెప్పులూ పాత ఉయ్యాలా కలిసి మాట్లాడుకుంటే ఎట్లుంటుందో అట్లా. మంచం నుంచి పెరటి తలుపుకు పద్నాలుగు అడుగులు. అందులో కుడికాలివి ఏడు. ఎమ్మిగనూరు నేతగాళ్ల కాలనీలో ఆ వరసకంతా ఆ ఏడు సద్దులతోనే తెల్లవారేది. పక్కింటి హుసేనమ్మ మొదటి సద్దుకు పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, ఏడో సద్దుకు పొంగకుండా మంట తగ్గించేది.

ఆ ఏడు సద్దులూ ముప్పై కిలోమీటర్ల అవతల, ఆదోని పత్తి మిల్లు గేటు దగ్గర ఇనుప స్టూలు మీద కూర్చున్న నీలకంఠప్పకు కూడా వినిపించేవి.

పత్తి లారీ వెనకే నిలబడి హారను కొడితే ఆయనకు వినపడదు. పిడుగు పడినా వినపడదు. మహాదేవమ్మ తుంటి మాత్రం పక్కన కూర్చున్నట్టు వినపడుతుంది. గేటు ముందు టీ బండి పెట్టుకున్న మంజు రోజూ ఆ వేళకు గడ్డం పైకెత్తి సైగ చేసి అడిగేవాడు, అక్క లేచిందా అని. "లేసింది. ఈ పొద్దు ఎందుకో నిదానం చేస్తాంది," అనో, "లేసింది, కుశాలగా ఉండాది," అనో చెప్పి నీలకంఠప్ప రెండో టీ తాగేవాడు. లారీ డ్రైవర్లకు ఇది పెద్ద ఎగతాళి. మా హారను వినపడదు గానీ మీ ఆడమనిషి కాలు వినపడతాదా అని రోజూ అదే మాట అడిగేవారు. రోజూ అదే కాబట్టి పెదవులు చూసే ఆయనకు అర్థమయ్యేది. "మీ హారన్ని నేను పెండ్లి చేసుకోల్యా గదప్పా," అని గేటు తీసేవాడు.

అట్లా మాట్లాడే మనిషి కాదు ఆయన, ఆ సద్దు వినపడక ముందు. పద్దెనిమిదేళ్ల వయసులో ఆ మిల్లులో చేరాడు. మగ్గం మీద ఇద్దరు కూర్చుంటే ఒకరి కడుపే నిండుతుందని, మగ్గం మహాదేవమ్మకు వదిలి ఆయన మిల్లుకు పోయాడు. గింజా దూదీ వేరుచేసే యంత్రాలు ఒక వరసలో ఇరవై నాలుగు. వాటికి నూనె పోయడం, బేరింగులు చూడడం ఆయన పని. స్క్రూడ్రైవరు మొన యంత్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, ఏ బేరింగు ఎన్నాళ్లు తాళుతుందో చెప్పేవాడు. ఆయన పది దినాలంటే పదకొండో దినం అది పోయేది. ఆ యంత్రాలే ఆయన చెవులను కొంచెం కొంచెంగా తినేశాయి. పూర్తిగా పోయాక యజమాని గేటు దగ్గర స్టూలు వేయించాడు.

చెవులు పోతే మాట కూడా పోతుందని మహాదేవమ్మకు అప్పుడే తెలిసింది. తన గొంతు తనకు వినపడక ఆయన మొదట అరిచి మాట్లాడాడు. జనం నవ్వుతున్నారని గొంతు తగ్గించాడు. తగ్గించి తగ్గించి ఒకనాటికి మానేశాడు. చివరి ఏళ్లలో ఇంట్లో ఆయన వాడిన మాటలు ఐదు. 'అన్నం', 'చాలు', 'బస్సు', 'ల్యా', 'పండుకో'. కూతురు లత ఆదోనిలోనే ఒక బట్టల అంగట్లో పనిచేసేది, అక్కడే సంసారం. ఆమె పుట్టింటికి వస్తే తండ్రి ఒకసారి తల ఎత్తి చూసి, మళ్లీ గోడ వైపు తిరిగేవాడు. బాయిలో దిగిన మనిషిని పైనుంచి చూసినట్టు ఉండేది మహాదేవమ్మకు. కనిపిస్తాడు, చెయ్యి అందదు.

మూడేళ్ల కిందట ఆమె తుంటి ఎముక ఎండిపోయిందని కర్నూలులో ఆపరేషను చేశారు. కార్డు మీద, ఖర్చు లేకుండా అయింది. పాత ఎముక తీసి పింగాణీ గుండు, పింగాణీ గిన్నె పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు లతకూ ఆమెకూ విడివిడిగా చెప్పాడు. కింద కూర్చోవద్దు. బాసింపట్టు వేయవద్దు. కాళ్లు కిందికి వేలాడేటట్టు ఎత్తు మీదనే కూర్చోవాలి. మహాదేవమ్మ ఆ మాటలను మంత్రంలా అప్పజెప్పుకుంటూ ఇంటికి వచ్చింది.

ఇంట్లో మగ్గం మీద సగం నేసిన పడుగు ఉంది. ఎక్కించిన చేత్తోనే పడుగు కోయాలని, ఇంకొకరి చేత కోయించకూడదని వాళ్లత్త పెట్టిన కట్టడి. నేతింట్లో అమావాస్యకు మగ్గం ముట్టరు, మిగతా రోజుల్లో సగం పడుగును అనాథగా వదలరు. పది నెలలు ఆ పడుగును చూస్తూ ఆగింది. ఆ తర్వాత ఆమెకొక ఆలోచన వచ్చింది. గుంత మగ్గం ముందు కూర్చుంటే కాళ్లు గుంతలోకి దిగి వేలాడతాయి కదా. డాక్టరు చెప్పిందీ అదే కదా. కుర్చీలో కూర్చున్నా, మగ్గం గుంత అంచున కూర్చున్నా కాలు వేలాడేది ఒకటే కదా.

హుసేనమ్మ కండెలు చుట్టడానికి వచ్చి ఆమె గుంతలో కూర్చొని ఉండడం చూసి, డాక్టరు ఒప్పుకున్నాడా అక్కా అని అడిగింది. కాళ్లు వేలాడేసి కూసోమన్న్యాడు, కూసున్న్యా అంది మహాదేవమ్మ. హుసేనమ్మకు కూడా అది న్యాయంగానే తోచింది. గుంతలోకి దిగేటప్పుడూ పైకి లేచేటప్పుడూ నేల మట్టం నుంచి ఒళ్లంతా ఆ తుంటి మీదనే మడుచుకుంటుందనీ, తొక్కుడు కర్రలను తొక్కిన ప్రతిసారీ గుండు గిన్నె అంచున రాసుకుంటుందనీ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. నలభై దినాలు నేసింది. చీర కోసి, పసుపు పెట్టి, స్వామి పటం ముందు ఉంచి లేచింది. ఆ లేవడంలో మొదటిసారి 'కిర్ర్' మంది.

నీలకంఠప్ప గోడ వైపు తిరిగి అన్నం తింటున్నాడు. చెయ్యి ఆగింది.

"ఎవురో వచ్చినట్లుండారే," అన్నాడు.

ఏడేళ్ల తర్వాత అంత పొడుగు మాట. మహాదేవమ్మ గుంజ పట్టుకొని ఇంకో అడుగు వేసింది. ఆయన లేచి వీధిలోకి చూశాడు, పెరట్లోకి చూశాడు, తిరిగి వచ్చి ఆమె కాలు వైపు చూశాడు. ఆమె మళ్లీ అడుగు వేసింది. ఆయన ఎంగిలి చెయ్యి అట్లాగే పెట్టుకొని నేల మీద కూర్చొని ఏడ్చాడు.

దానికి కాలనీలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. స్వామి ఏ కిటికీ తెరవాలనుకుంటే ఆ కిటికీ తెరుస్తాడు, అడగడానికి మనమెవరం అనుకున్నారు. నెల తిరిగేసరికి దానితో పనులు కూడా చేయించుకోవడం మొదలుపెట్టారు. చెవిటివాడికి ఫోను ఎందుకని నీలకంఠప్ప జేబులో ఫోను ఉండేది కాదు. ఆదోని నుంచి ఏదైనా తెప్పించుకోవాలంటే మహాదేవమ్మ దగ్గరికి వచ్చేవారు. గడప నుంచి కొళాయి దాకా ఒకసారి పోయివస్తే పూజకు తమలపాకులు. రెండుసార్లు పోయివస్తే హుసేనమ్మకు మోకాళ్ల మందు. మూడుసార్లు ఆగకుండా నడిస్తే వెంటనే ఇంటికి రావాలని. సాయంత్రం బస్సు దిగిన ఆయన చేతిలో సరిగ్గా ఆ వస్తువే ఉండేది. ఆమె చెప్పేది ఆయనకు అందేది. ఆయన చెప్పేది ఆమెకు అందే దారి లేదు. అయినా బస్సు దిగి ఆయన గడప తొక్కేదాకా ఆ ఒక్కవైపు మాటే ఆమెకు చాలేది.

మాటలు కూడా ఆయనకు ఒకటొకటిగా తిరిగి వచ్చాయి. ఆమె వంటింట్లో తిరుగుతుంటే గడపలో కూర్చొని ఆ సద్దు ఆసరాతో మాట్లాడేవాడు. మిల్లులో జరిగినవి, తన చిన్నప్పటివి, తన తల్లి పాడిన లాలి ఎక్కడ ఆగిపోయేదో, ఏనాడూ చెప్పనివన్నీ. ఆమె నిలబడితే ఆయన మాట నిలిచేది. అందుకని పని లేకపోయినా ఆమె నడిచేది.

నిరుడు చలికాలంలో నొప్పి మొదలైంది. లత బలవంతం చేసి కర్నూలుకు తీసుకుపోయింది. డాక్టరు ఫోటో తీసి, వెలుతురుకు ఎత్తి చూపించాడు. గిన్నె అంచు అరిగి పెచ్చు లేచిందట. గుండు పగలడానికి సిద్ధంగా ఉందట. పగిలితే ముక్కలు కండలోకి పోతాయి, మళ్లీ పెట్టడానికి ఎముక మిగలకపోవచ్చు, జన్మలో నడవలేవు అన్నాడు. ఇప్పుడే రెండూ తీసేసి, ఈసారి గిన్నెలో మెత్తటి ప్లాస్టిక్ పొర వేద్దాం అన్నాడు. ఆమె ముఖం చూసి, భయపడుతోందనుకొని, మంచిమాట ఒకటి చెప్పాలనుకున్నాడు పాపం.

"ఇంకెప్పుడూ ఆ శబ్దం రాదమ్మా. నాది పూచీ," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోడుమూరు దాటింది. తర్వాత మహాదేవమ్మ, కొన్నాళ్లు ఆగుదామే అంది. ఎందుకని లత అడిగింది.

"మీ నాయన చెవులు పోతాయి గదే."

"నాయన చెవులు ఎప్పుడో పొయినాయి మా. ఇప్పుడు నీ కాళ్లు పోతే ఇద్దర్నీ మోసేది ఎవురు? నేనొకదాన్నే గదా ఉండేది?"

అది నిజమే కాబట్టి మహాదేవమ్మ కిటికీ బయటికి చూసింది. దిగేటప్పుడు మాత్రం కూతురి చెయ్యి పట్టుకొని, నాయనకు తెలియనీయవద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. డాక్టరు ఇచ్చిన ఫోటోను పెట్టెలో పట్టుచీర మడతల మధ్య దాచిపెట్టింది.

ముప్పై ఏళ్లుగా స్వామి ముందు ఏదో ఒకటి అడిగిన మనిషికి ఆ నెలలో ఏమి అడగాలో తెలియలేదు. కాలు నిలబెట్టు స్వామీ అంటే ఆయన చెవి తీసుకో అన్నట్టు. ఆయన చెవి ఉంచు స్వామీ అంటే తన కాలు విరవమన్నట్టు. రెండూ ఉంచమని అడిగేంత ఆశ ఆమెకు లేదు. దీపం వెలిగించి, చేతులు జోడించి, ఏమీ అనకుండా పక్కకు వచ్చేసేది.

చివరికి ఆమె తన అడుగులను పొదుపు చేయడం మొదలుపెట్టింది. ఎన్ని తక్కువ వేస్తే అన్నాళ్లు ఎక్కువ వస్తాయి కదా అని. పొద్దున ఏడు. మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా తెరిచే వేళకు నాలుగు. సాయంత్రం ఆయన వచ్చాక కొన్ని. మిగతా పొద్దంతా కుర్చీలో కూర్చునే ఉండేది. హుసేనమ్మ వచ్చి నీళ్లు పట్టిపోయేది. ఇరుగుపొరుగు వస్తువులు తెప్పించుకోవడం తామంతట తామే మానుకున్నారు.

ఒక ఆదివారం నీలకంఠప్ప ఇంట్లో ఉన్నాడు. ఏంటికి తక్కువ నడుస్తాండావు అని అడిగాడు. ఆమె, బద్ధకం అన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన నవ్వలేదు. పొయ్యి దగ్గరి నుంచి గడప దాకా నడవమన్నాడు. నడిచింది. మళ్లీ నడవమన్నాడు. మూడోసారి నడుస్తుంటే కళ్లు మూసుకొని, తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. ఎంత సంతోషంగా వింటున్నాడో అనుకొని ఆమె నొప్పి పంటి కింద నొక్కి ఇంకో రెండు అడుగులు ఎక్కువే వేసింది. ఆయన కళ్లు తెరిచి, ఇంగ చాలు కూసో అన్నాడు. ఆ సాయంత్రం ఆమె లేవబోతే ఆపి, తన నీళ్లు తానే తెచ్చుకున్నాడు.

ఆ వారం గడిచాక సోమవారం పూజకు తమలపాకులు లేవు. ఆమె గడప నుంచి కొళాయి దాకా ఒకసారి పోయివచ్చింది. సాయంత్రం నీలకంఠప్ప ఒట్టి చేతులతో బస్సు దిగాడు. ఆకులు ఏవని ఆమె సైగ చేసింది. ఆయన ఆమె ముఖం చూడకుండా చెప్పులు విడిచాడు.

"ఆకులా? ఎవురు సెప్పిరి నాకి? రెండు దినాలనుంచి ఏం వినపడటంల్యా మాదేవీ. ఆగిపోయింది."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత గోడ పట్టుకొని గడప దాకా వచ్చింది. హుసేనమ్మను పిలిచింది. ఆయన పెరట్లో చెనిక్కాయలు ఒలుస్తూ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నప్పుడు, ఇద్దరూ కలిసి పరీక్ష చేశారు. హుసేనమ్మ చెయ్యి ఆసరా ఇస్తే మహాదేవమ్మ ఆయన వెనక ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచింది. తుంటి ఎన్నడూ లేనంత గట్టిగా అరిచింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నీలకంఠప్ప తిరగలేదు. ఆయన చేతులు ఆగలేదు. గింజలను చెత్తలోకీ పొట్టును గిన్నెలోకీ వేస్తూ ఒలుచుకుంటూనే పోయాడు.

"ల్యా అక్కా. పోయింది. అన్న సుద్దంగా ఇనడంల్యా," అంది హుసేనమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

మహాదేవమ్మ ఏడవలేదు. ఇచ్చినవాడే తీసుకున్నాడు, నా చేత తీయించకుండా తనే తీసుకున్నాడు, అదీ ఒక దయే అనుకుంది. ఆ రాత్రి పెట్టె తెరిచి, చీర మడతల్లో ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున లతకు ఫోను చేసి, తేదీ అడగమంది.

తేదీ వచ్చేదాకా పన్నెండు దినాలు ఆ ఇంట్లో ఐదు మాటలే మిగిలాయి. ఆమె అన్నం పెట్టడానికి లేచినప్పుడల్లా ఆయన లేచి పెరట్లోకి పోయేవాడు. సద్దు లేని ఇంట్లో కూర్చోలేక పోతున్నాడనుకుంది.

కర్నూలులో ఆపరేషను రోజు పొద్దున ఆమెకు ఆకుపచ్చ గౌను వేసి, గాజులు తీయించి, మెడలో లింగం ఒక్కటీ ఉంచనిమ్మంటే గుడ్డలో చుట్టి చేతికి కట్టారు. లత కాగితాల మీద సంతకాలు పెడుతోంది. నీలకంఠప్ప మూలన గోడకు ఆనుకొని, తువాలు భుజం మీద వేసుకొని, నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరు పనివాళ్లు చక్రాల మంచం తెచ్చారు. ఒకడు భుజాల కింద చేతులు పెట్టాడు. ఇంకొకడు కాళ్లు పట్టుకొని ఎత్తి, తొందరలో కుడికాలును బయటికి తిప్పాడు. తుంటి కిర్రుమని లాగి అరిచింది.

"అప్పా, అప్పా, ఆ పక్కకి తిప్పొద్దు! ఎట్ల అరుస్తాందో సూడు. కింద సెయ్యి ఎయ్యి, కింద సెయ్యేసి ఎత్తు."

గదిలో అందరూ తిరిగి చూశారు. మాట్లాడింది నీలకంఠప్ప. అప్పటికే రెండు చేతులూ ముందుకు చాచి సగం దూరం వచ్చేశాడు. చేతులు అట్లాగే గాలిలో ఆగిపోయాయి.

లత చేతిలో పెన్ను నిలిచిపోయింది. మహాదేవమ్మ మొగుడి ముఖం చూసింది. ఆయన తువాలు తీసి మొహం తుడుచుకున్నట్టు చేశాడు గానీ దాని వెనక దాక్కోలేకపోయాడు.

ఆమె మంచం అంచు ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. నన్ను దింపండి, నాకొద్దు, నేను ఇంటికి పోతాను అంది. పనివాళ్లు లత వైపు చూశారు. లత తండ్రి వైపు చూసింది. నీలకంఠప్ప దగ్గరికి వచ్చి, కడ్డీ మీద బిగుసుకున్న ఆమె వేళ్లను ఒకటొకటే విడదీశాడు. యంత్రంలో చిక్కుకున్న దూది తీసినంత నిదానంగా తీశాడు.

"ముప్పై ఏండ్లు బేరింగుల సద్దు విన్నోన్ని నేను. అది ఇంగ నెల గూడ తాళదు. ఆ ఆదివారమే ఇన్న్యా. నువ్వు ఏసే ఒక్కొక్క అడుగూ నాకోసరం ఇరుగుతాంటే, నేనెట్ల ఇంటా కూసుందు మాదేవీ? నాకి సాలు. ఎంత ఇనల్లనో అంత ఇనింటి. పో."

ఆమె నోరు తెరిచి ఏదో చెప్పింది. ఆయనకు వినపడలేదు. తల ఊపి, మంచాన్ని తనే ముందుకు తోశాడు.

నడుముకు సూది వేశాక ఆమె కాళ్లు ఆమెవి కాకుండా పోయాయి. ముఖం ముందు ఆకుపచ్చ గుడ్డ కట్టారు. మెలకువగానే ఉంది. గుడ్డకు అవతల సుత్తితో కొడుతున్నారు, రంపంతో కోస్తున్నారు. ఒళ్లు ఊగుతోంది గానీ నొప్పి లేదు. ఇదంతా బయట ఆయనకు వినపడుతుంటుందని అప్పుడు తట్టింది. ఆ గుండును గిన్నెలోంచి పెరికేటప్పుడు అది ఎట్లా అరుస్తుందో, దాన్ని ఆపే చెయ్యి ఎవరిదీ ఉండదని తట్టింది. మెల్లగా చెయ్యండి నాయనా అని డాక్టరును బతిమాలింది. నొప్పిగా ఉందా అమ్మా అని అడిగారు. లేదంది. మరైతే భయపడకు, పడుకో అన్నారు.

బయట జరిగింది తర్వాత లత చెప్పింది. నాయన వరండాలో బెంచీ మీద కూర్చొని రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడట. ఆయన చెవిటివాడని తెలిసిన పనివాళ్లు అది చూసి నవ్వుకున్నారట. గంటా గంటన్నర అట్లాగే, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కళ్లు మూసుకొని ఉన్నాడట. మధ్యలో రెండుసార్లు ఒళ్లంతా జలదరించిందట. తర్వాత చేతులు కిందికి దించి, అటూ ఇటూ చూసి, పక్కన ఉన్న లతతో అన్నాడట.

"అయిపోయింది."

డాక్టరు వచ్చి బాగా జరిగిందని చెప్పేసరికి ఇంకో ముప్పావు గంట పట్టింది.

మూడో రోజు ఆమెకు వాకరు ఇచ్చి నడిపించారు. గడుసైన ఒక నర్సు పక్కనే నడుస్తూ, ముందు వాకరు, తర్వాత ఆ కాలు, తర్వాత ఈ కాలు అని చెబుతోంది. మహాదేవమ్మ కుడికాలు నేల మీద మోపింది. భయంతో కళ్లు మూసుకుంది. ఏమీ కాలేదు. ఇంకోటి వేసింది. ఏమీ కాలేదు. ఆరేళ్లుగా అంత హాయిగా ఆ కాలు ఆడలేదు. నూనె పోసిన చక్రంలా పోతోంది. ఇంకా ఇరవై ఏళ్లు పరిగెత్తుతావు పెద్దమ్మా అంది నర్సు.

వార్డు దాటి వరండాలోకి వచ్చారు. చివర కిటికీ పక్క బెంచీ మీద నీలకంఠప్ప ఇటు వీపు పెట్టి కూర్చొని ఉన్నాడు. లత అన్నం తేవడానికి కిందికి పోయింది. ఈ మూడు రోజుల్లో ఆయన అన్న మాటలు మహాదేవమ్మకు అన్నీ గుర్తున్నాయి. నిన్న 'చాలు' అన్నాడు. పొద్దున 'పండుకో' అన్నాడు.

ఆమె ఆయన వైపు నడిచింది. ముప్పై అడుగులు ఉంటుంది. వాకరు కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్నాయి, దానికీ సద్దు లేదు. మెడ మీద నెరిసిన వెంట్రుకలు లెక్కపెట్టగలిగినంత దగ్గరికి వచ్చి ఆగింది. పిలవండి పెద్దమ్మా, తాతకు చూపిద్దాం ఎట్లా నడుస్తున్నారో అంది నర్సు. ఆయనకు వినపడదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేరు.

నీలకంఠప్ప కాసేపటికొకసారి మెడ తిప్పి వార్డు తలుపు వైపు చూస్తున్నాడు, ఎవరైనా వచ్చారేమోనని. వాళ్లు తలుపు దాటకముందే ఒకసారి చూసి, ఎవరూ లేరని మళ్లీ కిటికీ వైపు తిరిగినట్టున్నాడు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాడని మహాదేవమ్మకు తెలుసు. అందుకని ఆయన మళ్లీ ఇటు తిరిగేదాకా వాకరు పట్టుకొని, కాలు నొప్పి లేకుండా, ఆ వీపు వెనక నిలబడే ఉంది.